ఒక వాక్యం ఎన్నాళ్లు నిజం? ఎమ్యులేటర్ల డాక్యుమెంటేషన్ వెనక ఉన్న పని

2018లోనో 2019లోనో రాసిన ఒక గైడ్ తెరిచి, అందులో ఉన్నట్టే ఒక కంప్యూటర్ లోపల మరో కంప్యూటర్‌ను నడిపే క్యూఎమ్యూ అనే ప్రోగ్రాంలో డిస్క్ ఇమేజ్ (ఆ లోపలి కంప్యూటర్‌కు డిస్క్‌గా పనిచేసే ఫైల్) తయారు చేద్దామని కూర్చున్నారనుకోండి. ఉన్న ఇమేజ్‌ను ఆధారంగా పెట్టుకుని దాని మీద కొత్త ఇమేజ్ సృష్టించే కమాండ్ అది. అప్పట్లో ఆధారంగా పెట్టే ఫైల్ పేరు ఇస్తే సరిపోయేది. ఇప్పుడు అదే కమాండ్ కొడితే ఎర్రర్ వచ్చి ఆగిపోతుంది. ఆ ఫైల్ ఏ ఫార్మాట్‌లో ఉందో కూడా చెప్పాలంటుంది. గైడ్ రాసినవాళ్ల తప్పేమీ లేదు. రాసిన రోజున అది అక్షరాలా నిజం.

ఇలాంటిది ఏ సాఫ్ట్‌వేర్‌కైనా జరుగుతుంది. ఎమ్యులేటర్లు, వర్చువల్ మెషీన్ల దగ్గర మాత్రం ఈ చిక్కు ఒక మెట్టు ఎక్కువ. ఇక్కడ మాన్యువల్‌లో రాసే దాదాపు ప్రతి వాక్యానికీ వెనక ఒక షరతు ఉంటుంది: ఏ ప్రాసెసర్ మీద, ఏ మెషీన్‌కు, ఏ వెర్షన్‌లో. ఆ షరతును గుర్తించి, చెప్పి, కోడ్ మారినప్పుడల్లా దాన్నీ మార్చుకుంటూ పోవడమే డాక్యుమెంటేషన్ నిర్వహణలో అసలు పని. అది ఎలా జరుగుతుందో, ఎక్కడ అభిప్రాయాలు వేరవుతాయో క్యూఎమ్యూను ఉదాహరణగా పెట్టుకుని చూద్దాం. ఈ రంగంలో చాలా ఉపకరణాలు దాని మీదే ఆధారపడ్డాయి. పైగా దాని పని అంతా అందరి కళ్ల ముందే జరుగుతుంది.

ఎమ్యులేషన్, వర్చువలైజేషన్: ఒకే ప్రోగ్రాం, రెండు పనులు

మన చేతిలో ఉన్న అసలు కంప్యూటర్‌ను హోస్ట్ అంటారు. దాని లోపల నడిచే నకిలీ కంప్యూటర్‌ను గెస్ట్ అంటారు.

ఎమ్యులేషన్‌లో గెస్ట్ ప్రాసెసర్ కూడా సాఫ్ట్‌వేరే. ఆర్మ్ ప్రాసెసర్ కోసం రాసిన ప్రోగ్రాంను ఇంటెల్ యంత్రం మీద నడపాలంటే, ఆ ఆదేశాలను ముక్కలు ముక్కలుగా తీసుకుని ఇంటెల్ భాషలోకి మార్చుకుంటూ పోవాలి. క్యూఎమ్యూలో ఈ పని చేసే భాగం పేరు టీసీజీ. వర్చువలైజేషన్‌లో ఆ అనువాదం ఉండదు. గెస్ట్, హోస్ట్ ప్రాసెసర్లు ఒకే జాతివి కాబట్టి గెస్ట్ ఆదేశాలు నేరుగా అసలు ప్రాసెసర్ మీదే నడుస్తాయి. లైనక్స్‌లో దీనికి దారి ఇచ్చేది కేవీఎం. 2007లో వచ్చిన 2.6.20 కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం) నుంచి అది లైనక్స్‌లో భాగం.

ఫాబ్రిస్ బెల్లార్ 2003లో క్యూఎమ్యూను విడుదల చేసినప్పుడు అది అనువాదం చేసే ఎమ్యులేటర్ మాత్రమే. కేవీఎం వచ్చాక అదే ప్రోగ్రాం రెండో పని కూడా నెత్తిన వేసుకుంది. గెస్ట్‌కు కావలసిన డిస్క్, నెట్‌వర్క్ కార్డ్, డిస్‌ప్లే లాంటివి క్యూఎమ్యూ చూసుకుంటే, ప్రాసెసర్ పని కేవీఎం చూసుకుంటుంది. వీటికి తోడు యూజర్ మోడ్ అని మరొకటుంది. అందులో కంప్యూటర్ మొత్తం ఉండదు. వేరే ప్రాసెసర్ కోసం కట్టిన ఒక్క లైనక్స్ ప్రోగ్రాంనే నడుపుతుంది.

కొత్తవాళ్లను ఎక్కువగా తికమక పెట్టేది ఈ కలయికే. ఇంటెల్ యంత్రం మీద ఇంటెల్ గెస్ట్‌నే నడుపుతున్నా, మామూలుగా క్యూఎమ్యూను పిలిచి ఏ యాక్సిలరేటర్ (టీసీజీనా, కేవీఎంనా) వాడాలో చెప్పకపోతే అది టీసీజీతోనే మొదలవుతుంది. అంతా సరిగ్గానే పనిచేస్తుంది, కానీ నత్తనడక. ఎర్రర్ రాదు, వార్నింగ్ రాదు. వాడేవాళ్లు ఆపరేటింగ్ సిస్టమ్ ఇన్‌స్టాలేషన్ కదలడం లేదని గంటల తరబడి టెన్షన్ పడి, చివరికి ఈ సాఫ్ట్‌వేరే ఇంత అనుకుని వదిలేస్తారు. మాన్యువల్‌లో ఈ ఒక్క ముక్క తొలి పేజీల్లో ఉందా, ఎన్నో ఆప్షన్ల మధ్య ఎక్కడో ఉందా అన్నదాన్ని బట్టే ఆ మనిషి అనుభవం మారిపోతుంది.

"ఏమీ చెప్పకపోతే ఏమవుతుంది?"

డాక్యుమెంటేషన్ రాసేవాళ్లకు ఎదురయ్యే అత్యంత మామూలు ప్రశ్న ఇదే. మూడు సందర్భాలు తీసుకుందాం.

ఎక్స్86 (ఇంటెల్ జాతి ప్రాసెసర్) గెస్ట్‌కు మెషీన్ పేరు, అంటే ఏ మోడల్ కంప్యూటర్‌ను అనుకరించాలో, ఇవ్వకపోతే క్యూఎమ్యూ తనంతట తాను ఒక పీసీని ఎంచుకుంటుంది. అందులో ఉండేది ఇంటెల్ 1996లో తెచ్చిన 440ఎఫ్ఎక్స్ చిప్‌సెట్‌కు ప్రతిరూపం. కొత్తదైన క్యూ35 చిప్‌సెట్ కావాలంటే పేరు పెట్టి అడగాలి. మెమరీ ఎంతో చెప్పకపోతే 128 ఎంబీ ఇస్తుంది. నేటి ఆపరేటింగ్ సిస్టమ్‌లకు అది ఏ మూలకూ చాలదు.

ఆర్మ్ గెస్ట్‌కు మెషీన్ పేరు ఇవ్వకపోతే ప్రోగ్రాం అసలు మొదలవదు. దీనికి మంచి కారణం ఉంది. పీసీలన్నీ ఇంచుమించు ఒకే అచ్చులో ఉంటాయి కాబట్టి ఒక పీసీ కోసం కట్టిన కెర్నల్ మరో పీసీ మీద లేస్తుంది. ఆర్మ్ బోర్డులు అలా కాదు. మెమరీ ఏ చిరునామా దగ్గర మొదలవుతుంది, సీరియల్ పోర్ట్ ఎక్కడుంది అన్నవి బోర్డును బట్టి మారతాయి. అక్కడ ఏదో ఒకటి ఊహించి ఇవ్వడం కన్నా, ఏది కావాలో అడగడమే వాడేవాళ్లకు మేలు.

మూడోది 2015లో బయటపడిన వెనమ్ లోపం. క్యూఎమ్యూలోని ఫ్లాపీ కంట్రోలర్ కోడ్‌లో ఒక తప్పు ఉంది. గెస్ట్ లోపల ఉన్న దాడిదారు దాని ద్వారా హోస్ట్ వైపు దూకే అవకాశం ఉండేది. ఫ్లాపీలు ఎవరు వాడుతున్నారని కొట్టిపారేయడానికి లేదు. వాడేవాళ్లు ఫ్లాపీ డ్రైవ్ అడగకపోయినా పీసీ మెషీన్‌లో ఆ కంట్రోలర్ ఉండనే ఉంటుంది. అడగకుండా వచ్చే పరికరాలేమిటో ఒక చోట స్పష్టంగా రాసి ఉండటం అలంకారం కోసం కాదని ఆ సంఘటన చూపించింది.

ఈ మూడింటిలో ఏ ఒక్కదానికీ "డిఫాల్ట్ ఇది" అని ఒక్క వాక్యంలో జవాబు చెప్పలేం. రెండు యాక్సిలరేటర్లు, మూడు గెస్ట్ ప్రాసెసర్లు, ఒక్కోదానికి నాలుగు మెషీన్లు అనుకున్నా 24 సందర్భాలవుతాయి. అసలు లెక్క దీనికి ఎన్నో రెట్లు. అన్నింటినీ విడివిడిగా రాస్తే ఎవరూ చదవరు. అన్నింటికీ కలిపి ఒకటే రాస్తే ఎక్కడో ఒకచోట అబద్ధమవుతుంది.

చదివేవాళ్లు ఒకరు కారు

ఒకే సాఫ్ట్‌వేర్‌ను వేర్వేరు అవసరాల కోసం చదివేవాళ్లుంటారు. తన ల్యాప్‌టాప్ మీద మరో ఆపరేటింగ్ సిస్టమ్ చూడాలనుకునే విద్యార్థికి పని ఎలా మొదలుపెట్టాలో కావాలి. లిబ్‌వర్ట్ లాంటి మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లకు ప్రతి కమాండ్ ఏ రూపంలో జవాబిస్తుందో కచ్చితంగా కావాలి. గెస్ట్ లోపలి డ్రైవర్ రాసేవాళ్లకు నకిలీ పరికరం రిజిస్టర్లు కావాలి. క్యూఎమ్యూలోనే కోడ్ రాసేవాళ్లకు లోపలి నిర్మాణం కావాలి. అందుకే ఇప్పటి మాన్యువల్‌ను సిస్టమ్ ఎమ్యులేషన్, యూజర్ మోడ్, టూల్స్, మేనేజ్‌మెంట్, గెస్ట్ హార్డ్‌వేర్ స్పెసిఫికేషన్లు, డెవలపర్ సమాచారం అని విడదీశారు.

విభజనతో పాటు మాట బలం కూడా మారుతుంది. నడుస్తున్న గెస్ట్‌తో మాట్లాడటానికి క్యూఎమ్యూలో రెండు దారులున్నాయి. హెచ్ఎంపీ మనుషులు టైప్ చేయడానికి. క్యూఎంపీ ప్రోగ్రాంలు మాట్లాడటానికి, జేసన్ అనే డేటా ఫార్మాట్ రూపంలో. ఒకరు హెచ్ఎంపీ చూపించే డిస్కుల జాబితాను స్క్రిప్ట్‌తో కోసి వాడుకుంటున్నారనుకుందాం. తర్వాతి రిలీజ్‌లో ఆ జాబితాలో ఒక మాట అటూ ఇటూ అయితే స్క్రిప్ట్ కూలిపోతుంది. ఫిర్యాదు చేయడానికి లేదు, ఎందుకంటే హెచ్ఎంపీ అవుట్‌పుట్ స్థిరంగా ఉంటుందని ఎవరూ మాట ఇవ్వలేదు. అదే సమాచారాన్ని క్యూఎంపీ ద్వారా తీసుకుని ఉంటే, మార్చే ముందు ముందస్తు నోటీసు వచ్చేది.

చూపుడు వేలితో ఇది ఇచ్చిన మాట, ఇది కేవలం ప్రస్తుత పరిస్థితి అని వేరు చేసి చూపడం నా దృష్టిలో ఈ మొత్తం పనిలో అన్నిటికన్నా విలువైనది. చాలాకాలం క్యూఎంపీలో ప్రయోగ దశలో ఉన్న పేర్లకు ముందు ఎక్స్ అక్షరం, ఒక గీత పెట్టేవారు. చూడగానే నమ్ముకోవద్దని తెలిసేది. కానీ ఆ ఫీచర్ స్థిరపడ్డాక పేరు మార్చాలి, పేరు మారిస్తే దాన్ని అప్పటికే వాడుతున్నవాళ్లకు ఇబ్బంది. తర్వాత పేరుతో సంబంధం లేకుండా "అస్థిరం" అని విడిగా గుర్తు పెట్టే పద్ధతి తెచ్చారు. ఆ గుర్తు మాన్యువల్‌లోనూ కనిపిస్తుంది, ప్రోగ్రాంలు కూడా చదువుకోగలవు.

వాక్యాన్ని కోడ్ పక్కనే కట్టేయడం

డాక్యుమెంటేషన్ పాతబడటానికి మూలకారణం దూరం. కోడ్ ఒక చోట, వివరణ మరో చోట ఉంటే, కోడ్ మార్చే మనిషికి వివరణ గుర్తురాదు. క్యూఎమ్యూ దీనికి పాత కాలం నుంచే ఒక ఉపాయం పాటిస్తోంది.

కమాండ్ లైన్ ఆప్షన్లన్నీ ఒకే ఫైల్‌లో ఉంటాయి. ఒక్కో ఆప్షన్‌కు ముందు దాని పేరు, అది విలువ తీసుకుంటుందా లేదా, హెల్ప్‌లో చూపే చిన్న వివరణ ఉంటాయి. దాని కిందే రెండు గుర్తుల మధ్య మాన్యువల్‌లోకి వెళ్లే పెద్ద వివరణ ఉంటుంది. బిల్డ్ చేసేటప్పుడు, అంటే కోడ్ నుంచి ప్రోగ్రాం తయారుచేసేటప్పుడు, ఒక స్క్రిప్ట్ పై భాగాన్ని తీసి సీ భాషలోని కోడ్‌కు ఇస్తుంది. రెండు గుర్తుల మధ్య ఉన్నది మాన్యువల్‌కు వెళ్తుంది. ఆప్షన్‌ను తీసేయడానికి ఆ ఫైల్ తెరిచినవాళ్లకు వివరణ కళ్ల ముందే ఉంటుంది. దాన్ని చూడకుండా తప్పించుకోవడం కష్టం.

క్యూఎంపీ కమాండ్ల దగ్గర ఇంకా గట్టి కట్టుబాటు ఉంది. ప్రతి కమాండ్ రూపాన్నీ ఒక స్కీమా ఫైల్‌లో రాస్తారు, దాని మీదే కామెంట్‌గా వివరణ రాస్తారు. కమాండ్‌కు లేని ఆర్గ్యుమెంట్ పేరును వివరణలో రాస్తే బిల్డ్ ఆగిపోతుంది. ఏ వెర్షన్ నుంచి ఉందో చెప్పే లైన్ ఉంటుంది. ఉదాహరణగా ఇచ్చే సంభాషణల్లో జేసన్ తప్పుగా ఉంటే అదీ పట్టుబడుతుంది. వివరణ లేకుండా మిగిలిపోయిన పాత వాటి పేర్లను ఒక మినహాయింపుల జాబితాలో పెట్టారు. ఆ జాబితా నాకు చాలా నచ్చుతుంది. తీర్చాల్సిన అప్పును దాచకుండా పద్దు రాసి గోడకు తగిలించినట్టుంటుంది అది.

రాసే ఫార్మాట్ కూడా మారింది. మొదట్లో మాన్యువల్ అంతా టెక్సిన్‌ఫో అనే ఫార్మాట్‌లో ఉండేది. దాన్ని రీస్ట్రక్చర్డ్‌టెక్స్ట్ అనే మరో ఫార్మాట్‌లోకి మార్చి, దాన్నుంచి పేజీలు తయారుచేసే స్ఫింక్స్ అనే ప్రోగ్రాంతో కట్టడం మొదలుపెట్టారు. 2020 ఏప్రిల్‌లో వచ్చిన 5.0 నాటికి ఆ మార్పు చాలావరకు పూర్తయింది. స్ఫింక్స్ వార్నింగ్‌లను ఎర్రర్లుగా లెక్కపెట్టేలా బిల్డ్‌ను అమర్చుకోవచ్చు. అప్పుడు లేని పేజీకి లింక్ ఇచ్చినా మార్పు ముందుకు కదలదు.

అయితే ఇవన్నీ ఆకారాన్ని మాత్రమే తనిఖీ చేస్తాయి. "ఈ ఆప్షన్ వల్ల రాత వేగం పెరుగుతుంది" అనే వాక్యం ఇప్పటికీ నిజమా అన్నది ఏ స్క్రిప్టూ చెప్పలేదు. దానికి మనిషి కూర్చుని నడిపి చూడాలి.

తీసేసే ముందు చెప్పడం

క్యూఎమ్యూ ఏడాదికి మూడు రిలీజ్‌లు ఇస్తుంది: మామూలుగా ఏప్రిల్, ఆగస్టు, డిసెంబర్‌లలో. ఒక ఫీచర్ తీసేయాలనుకుంటే ముందు దాన్ని డిప్రికేటెడ్ అని ప్రకటిస్తారు. అంటే ఇప్పటికి పనిచేస్తుంది, పోబోతోంది అని. ఆ ప్రకటన వచ్చిన రిలీజ్‌లోనూ, దాని తర్వాతి రిలీజ్‌లోనూ ఫీచర్ పనిచేస్తుంది. ఆ తర్వాత ఎప్పుడైనా తీసేయవచ్చు.

మొదట్లో చెప్పిన డిస్క్ ఇమేజ్ కమాండ్‌కు ఈ లెక్క వేద్దాం. ఫార్మాట్ చెప్పకుండా వాడటాన్ని 2020 ఆగస్టులో 5.1లో డిప్రికేట్ చేశారు. 5.1, 5.2లలో పనిచేయాలి. 6.0 నుంచి తీసేయవచ్చు. నిజానికి తీసేసింది 6.1లో, అంటే 2021 ఆగస్టులో. ఏడాది సమయం ఇచ్చారు.

అసలు ఎందుకు తీసేశారు? రా ఫార్మాట్ ఇమేజ్‌లో (అదనపు సమాచారం లేకుండా డిస్క్‌లోని బైట్‌లే ఉన్న ఫైల్‌లో) మొదటి బైట్ నుంచీ గెస్ట్‌కు ఇష్టం వచ్చింది రాసుకోవచ్చు. ఫార్మాట్ చెప్పకపోతే క్యూఎమ్యూ మొదటి బైట్‌లు చూసి ఊహిస్తుంది. దురుద్దేశమున్న గెస్ట్ తన డిస్క్ మొదట్లో క్యూకౌ2 అనే మరో ఇమేజ్ ఫార్మాట్ హెడర్ (ఫార్మాట్ వివరాలుండే తొలి భాగం) రాసి, అందులో ఆధార ఫైల్‌గా హోస్ట్‌లోని ఏదో రహస్య ఫైల్ పేరు పెట్టిందనుకోండి. మరుసటిసారి తెరిచినప్పుడు అది రా ఇమేజ్‌లా కాక క్యూకౌ2లా కనిపిస్తుంది, ఆ రహస్య ఫైల్ గెస్ట్ చేతికి వస్తుంది. ఈ కారణం మాన్యువల్‌లో పక్కనే ఉంటే మార్పు అర్థమవుతుంది. లేకపోతే "బాగా పనిచేసేదాన్ని చెడగొట్టారు" అనే కోపమే మిగులుతుంది.

ఇంతకన్నా చక్కని ఉదాహరణ మెషీన్ వెర్షన్లది. నడుస్తున్న గెస్ట్‌ను ఆపకుండా ఒక హోస్ట్ నుంచి మరో హోస్ట్‌కు మార్చడాన్ని లైవ్ మైగ్రేషన్ అంటారు. రెండు చోట్లా గెస్ట్‌కు కనిపించే హార్డ్‌వేర్ తేడా లేకుండా ఉండాలి. అందుకని ఒక్కో రిలీజ్‌తో ఆ వెర్షన్ నంబర్ ఉన్న మెషీన్ రకం పుడుతుంది. పాతవి కూడా నిలుపుతారు. ఇలా పోగుపడుతూ పోతే మోయలేరు కాబట్టి 3 ఏళ్లు నిండితే డిప్రికేటెడ్, 6 ఏళ్లకు తొలగింపు అని నియమం పెట్టుకున్నారు. ఇప్పుడు మాన్యువల్‌లో ఏ నంబర్ రాయాలి? చేత్తో రాస్తే ఏటా మూడుసార్లు దిద్దాలి, ఒకసారి మరిచిపోతే తప్పవుతుంది. వాళ్లు నంబర్ రాయలేదు. బిల్డ్ సమయంలో లెక్క వేయించారు. మేజర్ నంబర్ (చుక్కకు ముందున్నది) ఏడాదికి ఒకటి పెరుగుతుంది కాబట్టి ప్రస్తుత నంబర్‌లోంచి 3 తీసేస్తే డిప్రికేషన్ హద్దు, 6 తీసేస్తే తొలగింపు హద్దు. 2025 ఏప్రిల్‌లో వచ్చిన 10.0 మాన్యువల్‌లో ఆ హద్దులు 7.0, 4.0. తర్వాతి 10.1లో ఎవరూ ముట్టుకోకుండానే 7.1, 4.1 అవుతాయి. తన వయసు తానే లెక్కపెట్టుకునే వాక్యం అది.

భద్రత గురించి ఒక పేజీ

చాలామంది చదవకుండా వదిలేసే పేజీ ఇది. కేవీఎం లాంటి వర్చువలైజేషన్‌తో నడిపేటప్పుడు గెస్ట్‌ను నమ్మనక్కర లేదు, అది గీత దాటి బయటికి వస్తే దాన్ని భద్రతా లోపంగా చూస్తామని మాన్యువల్ చెబుతుంది. టీసీజీతో నడిపేటప్పుడు ఆ హామీ లేదు. అక్కడి తప్పులు మామూలు బగ్‌లు మాత్రమే. తెలియని మాల్‌వేర్‌ను ఎమ్యులేటర్‌లో పెట్టి పరిశీలిస్తూ, అది బయటికి రాలేదని నిశ్చింతగా ఉండేవాళ్లకు ఈ తేడా తెలిసి తీరాలి.

ఎక్కడ అభిప్రాయాలు కలవవు

మొదటి తగువు, డాక్యుమెంటేషన్ ఎక్కడ ఉండాలన్నది. వికీలో ఉంటే ఎవరైనా వచ్చి రెండు నిమిషాల్లో దిద్దిపోవచ్చు. వాడేవాళ్లే రాస్తారు కాబట్టి అసలైన అవసరాలు కనిపిస్తాయి. కానీ వికీ పేజీ ఏ వెర్షన్ గురించో తెలియదు. సోర్స్ కోడ్‌తో పాటే ఉంటే 8.2 వాడేవాళ్లు 8.2 మాన్యువల్ చదువుకోవచ్చు, ప్రతి మార్పును మరొకరు చూస్తారు. ఆ చూడటమే కొత్తవాళ్లకు గోడలా అనిపిస్తుంది. అచ్చుతప్పు దిద్దడానికి కూడా ప్యాచ్ (చేసిన మార్పును చూపే ఫైల్) పంపాలంటే చాలామంది వెనక్కి తగ్గుతారు. క్యూఎమ్యూ ప్రధాన మాన్యువల్‌ను కోడ్‌తోనే ఉంచి, వికీని కూడా నడుపుతోంది. వెర్షన్‌తో ముడిపడ్డ వాక్యం కోడ్ దగ్గరే ఉండాలని నేననుకుంటాను, కానీ దానికి చెల్లించే మూల్యం చిన్నది కాదు.

రెండోది, కోడ్ నుంచి పుట్టించే రిఫరెన్స్ చాలా, చేత్తో రాసిన పాఠం కావాలా అన్నది. పుట్టించినది కచ్చితంగా ఉంటుంది, కానీ నిఘంటువు చదివి భాష నేర్చుకోలేం. డిస్క్ జతచేయడానికే మూడు తరాల ఆప్షన్లున్నాయి: హెచ్‌డీఏ, డ్రైవ్, బ్లాక్‌డెవ్. మూడింటికీ రిఫరెన్స్‌లో చోటు ఉంది. ఎవరు దేన్ని వాడాలో చెప్పడానికి మూడింటి లాభనష్టాలూ తూచిన మనిషి కావాలి. అలాంటి పాఠాలు రాయడమూ కష్టమే, తాజాగా ఉంచడమూ కష్టమే.

మూడోది, ఎవరు రాయాలన్నది. ఏఐ ఉపకరణాలతో ఖాళీలు నింపవచ్చన్న వాదన ఇప్పుడు బలంగా ఉంది. క్యూఎమ్యూ మాత్రం 2025లో ఏఐ పుట్టించిన పనిని స్వీకరించబోమని విధానంగా రాసుకుంది. ప్యాచ్ పంపేవాళ్లు దాన్ని పంపే హక్కు తమకుందని సంతకం చేయాలి. ఏఐ ఇచ్చినదానికి కాపీరైట్, లైసెన్స్ పరిస్థితి తేలలేదు కాబట్టి ఆ సంతకం ఎలా పెడతారన్నది వాళ్ల ప్రశ్న. నాణ్యత మాట పక్కన పెట్టినా ఆ ప్రశ్న నిలిచే ఉంటుంది.

ఇంకో దారిలో వెళ్లినవాళ్లూ ఉన్నారు. పాత ఆర్కేడ్ ఆటల యంత్రాలను ఎమ్యులేట్ చేయడానికి 1997లో మొదలైన మేమ్ ప్రాజెక్ట్, తన సోర్స్ కోడే ఆ హార్డ్‌వేర్‌కు డాక్యుమెంటేషన్ అంటుంది. ఆట నడవడం ఆ వివరణ సరైనదనడానికి రుజువు. తయారీదారుల పత్రాలు దొరకని, చిప్‌లు చెడిపోతున్న యంత్రాల విషయంలో ఇది గొప్ప మాట. అయితే దాన్ని చదవాలంటే కోడ్ చదవడం రావాలి.

తీసేసిన వాటి జాబితా

పోయిన ఫీచర్ల సంగతి ఎక్కడ రాయాలి? మాన్యువల్ ఇప్పుడున్నదే చెప్పాలి, లేనివాటితో పేజీలు ఎందుకు పెంచాలని అడిగేవాళ్లున్నారు. క్యూఎమ్యూ మాత్రం తీసేసిన వాటికి విడిగా ఒక పేజీ నిలుపుతోంది. ఒక్కోదాని పక్కన ఏ వెర్షన్‌లో తీసేశారో, బదులుగా ఏం వాడాలో ఉంటుంది. సౌండ్ కార్డ్ పెట్టడానికి వాడే సౌండ్‌హెచ్‌డబ్ల్యూ ఆప్షన్ 7.1లో పోయింది. లెక్కలేనన్ని పాత గైడ్లలో, స్క్రిప్ట్‌లలో అది ఇంకా ఉంది. ఆ గైడ్లను వెళ్లి ఎవరూ దిద్దలేరు. కానీ ఎర్రర్ చూసి అయోమయంలో పడ్డ మనిషి ఆ ఆప్షన్ పేరు మాన్యువల్‌లో వెతికితే ఆ పేజీలోనే దొరుకుతుంది. దాని బదులు డివైస్ ఆప్షన్ గానీ ఆడియో ఆప్షన్ గానీ వాడమని అక్కడ రాసి ఉంటుంది.